ఎల్డెన్ రింగ్ గేమ్ మీకు సరిపడుతుందా? రెండు గంటల్లో తేల్చుకోండి

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర నాది కంప్యూటర్ రిపేర్ షాపు. కొత్త పీసీ కట్టించుకోవడానికి వచ్చిన పిల్లలు అడిగే మొదటి ప్రశ్న: "అన్నా, ఎల్డెన్ రింగ్ కొనొచ్చా? మస్తు కష్టమంట గదా!" కొనమనీ అనను, వద్దనీ అనను. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన టైమ్ రెండు గంటలు దాటకముందే అడిగితే డబ్బులు వాపసు ఇస్తారు. ఆ రెండు గంటలు ఎట్లా వాడుకోవాలో మాత్రం చెప్తా.

ముందు మెషీన్ సంగతి. 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, 60 జీబీ ఖాళీ జాగా కనీసం ఉండాలి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఆడితే, చచ్చింది మీ చేతకాక చచ్చారో సిస్టమ్ ఆగిపోయి చచ్చారో అర్థం కాదు. కంట్రోలర్ లేకపోతే దోస్తుని అడిగి తెచ్చుకోండి.

క్యారెక్టర్ ముక్కూ మొహం దిద్దుకుంటూ కూర్చోవద్దు, ఆ టైమూ లెక్కలోకే వస్తుంది. సమురాయ్‌ని తీసుకోండి, మంచి కత్తి, విల్లు మొదటి నుంచే ఉంటాయి. మొదటి ప్రాంతం లిమ్‌గ్రేవ్‌లో అడుగుపెట్టగానే బంగారు కవచంతో గుర్రం మీద ట్రీ సెంటినెల్ తిరుగుతుంటాడు. వాడి జోలికి పోకుండా పక్క నుంచి జారుకోండి. గేట్‌ఫ్రంట్ దగ్గర గ్రేస్‌లో, అంటే ఆగి సేదతీరే వెలుగు దగ్గర, కూర్చుంటే మెలీనా అనే అమ్మాయి మీకో గుర్రం ఇస్తుంది. అది తీసుకుని ఎల్లె చర్చికి వెనక్కి వెళ్తే రెన్నా అనే ఆమె దగ్గర, కొట్లాటలో సాయానికి పిలిచే గంట, దాంతో వచ్చే తోడేళ్లు దొరుకుతాయి. తోడేళ్లను పిలిస్తే చీటింగ్ అనేవాళ్లుంటారు, అననివ్వండి. ఈజీ మోడ్ అనేదే లేని గేమ్‌లో చేతికిచ్చిన సాయం వద్దనుకోవడం ఎందుకు?

గంటంపావు అయ్యేసరికి స్టార్మ్‌వీల్ కోట ముందు కాపు కాసే బాస్, మార్గిట్ దగ్గరికి వెళ్లండి. అసలు పరీక్ష ఇక్కడే. వాడు కర్ర పైకెత్తుతాడు. ఎత్తి, అట్లనే ఆగుతాడు. ఎత్తడం చూసి దెబ్బ తప్పించుకోవడానికి దొర్లారనుకోండి, మీరు లేచే టైముకి కర్ర సరిగ్గా నెత్తి మీద పడుతుంది. చేయి కిందికి దిగడం మొదలయ్యాక దొర్లాలి. గెలవడం అవసరం లేదు, చచ్చాక మీకేమనిపించిందో చూసుకోండి. "ఈసారి ఆగి దొర్లుతా" అనుకుంటే గేమ్ ఉంచుకోండి. "ఇదేం అన్యాయం" అని ఒళ్లు మండితే వాపసు చేసేయండి, ముందు ముందు ఉండేదీ ఇదే.

ఉంచుకున్నవాళ్లు మార్గిట్‌ని వదిలేసి దక్షిణాన వీపింగ్ పెనిన్సులాకి వెళ్లండి. అక్కడ శత్రువుల్ని చంపి సంపాదించిన రూన్స్ (గేమ్‌లో డబ్బులాంటివి) ముందుగా విగర్ మీద, అంటే ప్రాణశక్తి పెంచుకోవడం మీద పెట్టండి. చచ్చినచోట రూన్స్ పడిపోతాయి, అవి ఏరుకునే లోపు మళ్లీ చస్తే మొత్తం గల్లంతు. అందుకే బాస్ దగ్గరికి రూన్స్ ఖర్చుపెట్టి, జేబు ఖాళీ చేసుకునే పోవాలి.

డెస్క్‌టాప్‌కి యూపీఎస్ తప్పకుండా పెట్టించండి. గేమ్ తనంతట తానే సేవ్ చేసుకుంటూ ఉంటుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోతే ఫైల్ చెడిపోవచ్చు. పాజ్ బటన్ కూడా లేదు, మెనూ తెరిచినా శత్రువు కొడుతూనే ఉంటాడు. "నల్లా వచ్చింది, బిందెలు పట్టురా" అని అమ్మ పిలిస్తే మెనూలోంచి క్విట్ కొట్టి లేవండి. మామూలు చోటైతే తిరిగొచ్చాక అక్కడే ఉంటారు. బాస్‌తో కొట్లాట మధ్యలో ఉంటే మాత్రం మళ్లీ గుమ్మం బయట నుంచే.