మహారాష్ట్రలోని సిరొంచ వైపు కౌలుకు వచ్చేవాళ్ళు ముందు ట్రాలీ సంగతి చూసుకోండి

పోయిన వారం గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు ట్రాలీని చేను గట్టున విప్పేసి, ఇంజను ఒక్కటే ఇంటికి తోలుకొచ్చాడు. తెల్లారి వెళ్తే టైర్ల జాడ తప్ప ఏమీ లేదు. అతని ముఖం చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. నేను వచ్చిన మూడో నెలలో నాకూ అచ్చంగా ఇదే జరిగింది.

ఇల్లు, కౌలు కాగితం, నారు, కూలీలు, ఇవన్నీ ఎలాగూ మీరే చూసుకుంటారు. ట్రాలీని మాత్రం ఎవరూ పట్టించుకోరు. దానికి తాళంచెవి లేదు. ఎవరైనా తన ట్రాక్టరు వెనక్కి తెచ్చి పిన్ను దించితే రెండు నిమిషాల పని. దారిలో చూసినవాళ్ళు కూడా కల్లానికి పోతోందనుకుంటారు. పైగా మనం ఉన్న చోటు చూడండి. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. మీరు నిద్ర లేచేసరికి అది ఇంకో రాష్ట్రంలో ఉంటుంది.

అందుకే ముందు హుక్కు దగ్గర మొదలుపెట్టండి. ట్రాలీ ముందున్న కన్నులో, అంటే పిన్ను దూరే రంధ్రంలో, పెద్ద కప్పతాళం వేస్తే పిన్ను దూరదు. అంతటితో అయిపోయిందనుకోకండి. మోకు కట్టి లాక్కుపోతారు, నా ట్రాలీని అలాగే లాక్కుపోయారు. చక్రం కదలకూడదు. లావు గొలుసు తీసుకుని చక్రం డిస్కు రంధ్రంలోంచి, చాసిస్ మీదుగా తిప్పి, చెట్టుకో స్తంభానికో బిగించండి. ఒక్క చక్రానికే కడితే ఆ చక్రం విప్పి వదిలేసి పోతారు. గొలుసు నేల మీద వేలాడకూడదు. నేలకు ఆనితే కట్టర్‌ మోపి నొక్కడానికి, సుత్తితో కొట్టడానికి వీలవుతుంది. బిగువుగా, ఎత్తుగా ఉండాలి. ఎన్నిసార్లు చెప్పినా సైకిలు గొలుసు కొనుక్కొస్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

వానాకాలంలో పని లేనప్పుడు జాకీ పెట్టి, ఇరుసు కింద దుంగలు పేర్చి, ఒక చక్రం ఇంట్లో పెట్టుకోండి. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడే సుమా, మిరప బస్తాలు ఉండగా ఆ పని చేయకండి. కన్ను గోడ వైపు ఉండేలా నిలిపితే ఇంకా మంచిది.

తర్వాత వెల్డింగు షాపుకు వెళ్ళి మీ రిజిస్ట్రేషన్ నంబరు చాసిస్ అడుగున, తొట్టి లోపలి వైపున వెల్డింగు గాట్లతో వేయించండి. రంగు నంబరు ఒక్క పూటలో పోతుంది. ఇది పోవాలంటే గ్రైండర్‌ పెట్టాలి, పెడితే మచ్చ మిగులుతుంది. నా ట్రాలీ పోయిన రోజు చాసిస్ నంబరు అడిగితే నాకు తెలియదు. ఫొటో లేదు, ఆర్సీ ఊళ్ళో ఉంది. ఆ ట్రాలీ మళ్ళీ కనిపించలేదు. దయచేసి ఈ రోజే చాసిస్ నంబరు ఫొటో తీసి ఇంట్లోవాళ్ళకు పంపండి. ఇన్సూరెన్స్ కాగితంలో ట్రాలీ ఉందో, ట్రాక్టరు ఒక్కటే ఉందో చదవండి. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఎంహెచ్ (మహారాష్ట్ర) నంబరుకు మార్చుకోవాలి. అందుకు గడ్చిరోలి ఆర్టీవో ఆఫీసు దాకా దాదాపు 200 కిలోమీటర్లు పోవాలి కాబట్టి వాయిదా వేస్తారు, తెలుసు. వేయకండి.

పోతే మాత్రం ఇటా అటా అని తిరగకండి. వెంటనే 112కు ఫోన్ చేయండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, దొంగతనం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అని అడగండి. పల్లెలో ఉంటే పోలీసు పాటిల్‌ను, అంటే పోలీసులకు ఊరి తరఫున ఉండే మనిషిని, వచ్చిన మొదటి వారంలోనే కలిసి, మీ ట్రాలీ చూపించండి. మరాఠీలో ఫిర్యాదు రాయించడానికి కూడా ఆయనే దిక్కు.

ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి. ఆ తర్వాత కొన్న ట్రాలీ ఆరేళ్ళుగా నా దగ్గరే ఉంది. ఇక్కడివాళ్ళు చెడ్డవాళ్ళు కారు, మన తెలుగే మాట్లాడతారు. ముఖం గుర్తుపట్టాక మీ వస్తువును తమదిగానే చూస్తారు, మొదటి ఆరు నెలలే కష్టం. కుదురుకునేదాకా మా ఇంటి వెనక వేపచెట్టు కింద పెట్టుకుంటానంటే కాదనను. గొలుసు మాత్రం లావుది తెచ్చుకోండి.