ఆస్ట్రేలియా కొండల్లో మంచు ఎప్పుడు, ఎక్కడ కురుస్తుందో ముందుగా ఎలా పసిగట్టాలి?

ఆస్ట్రేలియాలో మంచు కురిసే కొండలు అంత ఎత్తయినవి కావు. ప్రధాన భూభాగంలోకెల్లా ఎత్తయిన కోజియాస్కో శిఖరమే 2,228 మీటర్లు. అందువల్ల అక్కడ ఒకటి రెండు డిగ్రీల తేడాతో వాన మంచవుతుంది, మంచు వానవుతుంది. ఈ అనిశ్చితి వల్లనే ఏటా మే నుంచి అక్టోబరు దాకా వాతావరణ పటాలు ముందు పెట్టుకుని, రాబోయే హిమపాతం గురించి లెక్కలు కట్టే ఔత్సాహికులు అక్కడ చాలామంది తయారయ్యారు. మెల్‌బోర్న్, సిడ్నీ, కాన్‌బెర్రా నగరాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలూ విద్యార్థులూ మొదటిసారి మంచు చూడడానికి వెళ్లేది కూడా ఈ కొండలకే. బయలుదేరే ముందు చాలామంది "ఎన్ని సెంటీమీటర్లు పడుతుంది?" అని మాత్రమే చూసుకుంటారు. నా ఉద్దేశంలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న "ఎంత ఎత్తు నుంచి పడుతుంది?" అన్నది. ఆ ప్రశ్నకు సమాధానం రాబట్టే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

1. కొండల ఎత్తులు ముందే తెలుసుకోండి

న్యూ సౌత్ వేల్స్‌లోని స్నోవీ మౌంటెన్స్‌లో థ్రెడ్బో, పెరిషర్, షార్లెట్ పాస్ ముఖ్యమైన స్కీయింగ్ (మంచు మీద జారే క్రీడ) రిసార్టులు. థ్రెడ్బో ఊరు 1,365 మీటర్ల ఎత్తున ఉంటే, స్కీయింగ్ చేసేవారిని కొండ మీదికి చేర్చే అక్కడి లిఫ్టులు 2,037 మీటర్ల దాకా వెళతాయి. పెరిషర్ ఊరే 1,700 మీటర్లు దాటి ఉంటుంది. విక్టోరియాలో మౌంట్ హోథమ్ 1,861 మీటర్లు, మౌంట్ బుల్లర్ 1,805 మీటర్లు, మౌంట్ బా బా 1,567 మీటర్లు. మెల్‌బోర్న్‌కు సుమారు రెండు గంటల ప్రయాణ దూరంలో ఉన్న లేక్ మౌంటెన్, అంతకంటే దగ్గరగా ఉన్న డోనా బువాంగ్ వీటికన్నా పొట్టివి. డోనా బువాంగ్ 1,250 మీటర్లే. దగ్గరలో ఉన్న కొండ మీద మంచు నిలిచే అవకాశం తక్కువ, నిలిచే కొండకు ప్రయాణం ఎక్కువ. ఈ సంగతి మరిచిపోయినవారే ఖాళీ కొండను చూసి తిరిగివస్తారు.

2. సీజన్ తీరు గమనించండి, కానీ దాని మీదే ఆధారపడకండి

మన వైపు నైరుతి రుతుపవనాలు ప్రవేశించే జూన్‌లోనే అక్కడ శీతాకాలం మొదలవుతుంది. జూన్ రెండో సోమవారంతో కలిసి వచ్చే వారాంతపు సెలవుల్లో రిసార్టులు లాంఛనంగా తెరుచుకుంటాయి. ఆ రోజుకు నేల మీద సహజమైన మంచు ఉంటుందన్న హామీ మాత్రం లేదు. యంత్రాలతో తయారుచేసిన మంచు పట్టీ మీదే ప్రారంభోత్సవం జరిగిన సంవత్సరాలున్నాయి. మంచు లోతు సాధారణంగా ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో గరిష్ఠానికి చేరుతుంది.

ఎల్‌నినో సంవత్సరాల్లో తేమ తగ్గి, మంచు పలచబడే ధోరణి ఉంది. దక్షిణ ధ్రువం చుట్టూ తిరిగే పడమటి గాలుల పట్టీ ఉత్తరానికి జరిగితే కోల్డ్ ఫ్రంట్‌లు, అంటే దూసుకొచ్చే చలిగాలి ముందంచులు, కొండలను తరచుగా తాకుతాయి. ఈ కదలికను కొలిచే సూచికను సదరన్ యాన్యులర్ మోడ్ అంటారు. అది రుణాత్మకంగా ఉన్న, అంటే ఆ పట్టీ ఉత్తరానికి జరిగిన, వారాలను ఔత్సాహికులు ఆశగా చూస్తారు. ఇవన్నీ మొగ్గును మాత్రమే చెబుతాయి. ఫలానా శనివారం మంచు పడుతుందో లేదో వీటిలో ఏదీ చెప్పలేదు.

3. పీడన పటం చదవడం నేర్చుకోండి

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఆస్ట్రేలియా వాతావరణ సంస్థ అయిన బ్యూరో ఆఫ్ మెటియరాలజీ రాబోయే కొన్ని రోజులకు సముద్రమట్టపు పీడన పటాలను విడుదల చేస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినప్పుడల్లా టీవీలో పటాలు చూసే అలవాటు మనకు ఉంది కాబట్టి ఒక జాగ్రత్త అవసరం. మన దగ్గర అల్పపీడనం చుట్టూ గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరిగితే, దక్షిణార్ధగోళంలో ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతుంది. ఈ ఒక్కటి తలకిందులుగా చదివితే గాలి ఎటునుంచి వస్తున్నదో పూర్తిగా పొరబడతాం.

ఇప్పుడు పటంలో ఆస్ట్రేలియాకు దక్షిణాన, నైరుతి దిశగా చూడండి. అక్కడ సముద్రం మీద అల్పపీడన కేంద్రం, దాని నుంచి ఉత్తరానికి సాగిన ముళ్లగీత కనిపిస్తే ఆ గీతే కోల్డ్ ఫ్రంట్. దాని రాక ఒక క్రమంలో జరుగుతుంది. ఫ్రంట్‌కు ముందు ఖండం లోపలి నుంచి వాయవ్యపు గాలి వీస్తుంది. అది వెచ్చనిది, బలమైనది. అప్పుడు పడే చినుకులు కొండల మీద కూడా వానగానే పడి, అప్పటికే ఉన్న మంచును కరిగిస్తాయి. ఫ్రంట్ దాటగానే గాలి నైరుతికి మళ్లి, ఉష్ణోగ్రత కొద్ది గంటల్లోనే పడిపోతుంది. అప్పటికీ తేమ మిగిలి ఉంటేనే వాన మంచుగా మారుతుంది. చలి వచ్చేసరికి తేమ వెళ్లిపోయే ఫ్రంట్‌లు ఎన్నో ఉంటాయి. అవి రాత్రంతా కొండలను గడ్డకట్టించి, ఉదయానికి ఆకాశాన్ని నిర్మలంగా వదిలి వెళతాయి.

కాబట్టి ఫ్రంట్ తరవాత ఏముందో చూడాలి. దాని వెనకే మరో ఫ్రంట్ ఉంటే, లేదా అల్పపీడన కేంద్రమే నెమ్మదించి టాస్మానియా పరిసరాల్లో నిలబడితే, చలి, తేమ రెండూ ఒకేసారి దొరుకుతాయి. పడమటి గాలుల ప్రధాన ప్రవాహం నుంచి తెగిపోయి ఒకేచోట తిరిగే అల్పపీడనాలు ఇంకా అనూహ్యమైనవి. అవి భారీగా మంచు కురిపించగలవు, రోజంతా వాన కురిపించి పోగలవు కూడా. పటంలో ఫ్రంట్ వెనక పెద్ద అధిక పీడన ప్రాంతం తూర్పుకు దూసుకొస్తూ ఉంటే మాత్రం మంచు కొద్ది గంటల ముచ్చటే.

గాలి దిశను బట్టి ఏ కొండకు లాభమో కూడా అంచనా వేయవచ్చు. స్నోవీ మౌంటెన్స్‌కు పడమటి గాలులు తేమ తెస్తాయి. సరిగ్గా దక్షిణం నుంచి వచ్చే గాలి ఎంత చల్లగా ఉన్నా, విక్టోరియా కొండలు దాటేసరికి తేమ చాలావరకు వదిలేస్తుంది. బా బా వంటి దక్షిణపు కొండలకు మాత్రం అదే గాలి అనుకూలం.

4. ఎత్తు లెక్క కట్టండి

850 హెక్టోపాస్కల్ పీడనం ఉండే స్థాయి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇది ఇంచుమించు రిసార్టుల ఎత్తే కాబట్టి, ఔత్సాహికులు అందరికంటే ముందు చూసేది ఆ స్థాయి ఉష్ణోగ్రతనే. తేమగాలిలో ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందనుకుంటే మిగతా లెక్క తేలికే.

ఉదాహరణకు ఆ స్థాయిలో సున్నా డిగ్రీలు చూపిస్తున్నదనుకోండి. థ్రెడ్బో లిఫ్టుల పైభాగాన సుమారు మైనస్ మూడు ఉంటుంది, అక్కడ పొడిమంచు పడుతుంది. అదే సమయంలో కింద థ్రెడ్బో ఊరిలో తడిమంచు పడి, రోడ్డు మీద బురదలా మారుతుంది. లేక్ మౌంటెన్‌లో వానా మంచూ కలిసి పడతాయి. డోనా బువాంగ్‌కు వెళ్లినవారు తడిసి తిరిగి వస్తారు. అదే స్థాయిలో మైనస్ మూడు చూపిస్తే లేక్ మౌంటెన్‌లోనూ మంచు నేల మీద నిలుస్తుంది, డోనా బువాంగ్‌కూ ఆశ ఉంటుంది.

ఘనీభవన మట్టం, అంటే సున్నా డిగ్రీలు ఉండే ఎత్తు, కంటే రెండు మూడు వందల మీటర్ల కింద దాకా మంచు రేకులు కరగకుండా దిగగలవు. గాలి పొడిగా ఉంటే ఇంకా కిందికి వస్తాయి. పటాల్లో కనిపించే 540 రేఖను కూడా చాలామంది గమనిస్తారు. 1000, 500 హెక్టోపాస్కల్ స్థాయుల మధ్య గాలి పొర మందం 5,400 మీటర్లని ఆ రేఖ చెబుతుంది. పొర ఎంత పలచబడితే గాలి అంత చల్లబడినట్టు. ఆ రేఖ కొండలను దాటి ఉత్తరానికి వస్తే మంచి గుర్తే కానీ, దాన్ని ఒక్కదాన్నే నమ్మి కారు తీయవద్దు.

5. మోడళ్లను పోల్చండి, అంకెల మోజు తగ్గించుకోండి

అమెరికా వారి జీఎఫ్‌ఎస్, యూరోపియన్ కేంద్రం వారి ఈసీఎండబ్ల్యూఎఫ్, ఆస్ట్రేలియా సొంత యాక్సెస్ అనే మోడళ్ల (వాతావరణాన్ని ముందుగా లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రాముల) పటాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. జీఎఫ్‌ఎస్ రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది. దాని కొత్త ఫలితాలు తూర్పు ఆస్ట్రేలియా వేళల ప్రకారం మధ్యాహ్నం ఒకటిన్నర తరవాత, మళ్లీ రాత్రి ఒకటిన్నర తరవాత కూడా రావడం మొదలవుతాయి. శీతాకాలంలో కొందరి ఇళ్లలో అర్ధరాత్రి ఫోన్ వెలుగు ఎందుకు కనిపిస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

పది రోజుల తరవాత మీటరు మంచు పడుతుందని ఒక మోడల్ చూపిస్తే దాన్ని వినోదంగా మాత్రమే చూడండి. వేర్వేరు మోడళ్లు ఒకే రోజుకు ఒకే రకమైన అల్పపీడనాన్ని చూపిస్తూ, వరసగా రెండు మూడు ఫలితాల్లో మాట మార్చకపోతేనే నమ్మకం పెంచుకోవాలి. నాలుగైదు రోజుల లోపలికి వచ్చాక బస గురించి ఆలోచించవచ్చు. మొత్తం సెంటీమీటర్ల అంకె చివరి రెండు రోజుల దాకా మారుతూనే ఉంటుంది. ఒక మిల్లీమీటరు నీటికి ఒక సెంటీమీటరు మంచు అనేది మోటు లెక్క. ఆస్ట్రేలియా మంచు తరచుగా తడిగా, బరువుగా ఉంటుంది కాబట్టి అంతకంటే తక్కువే పేరుకుంటుంది.

6. హెచ్చరికలు చదవండి

బ్యూరో జారీచేసే హెచ్చరికల్లో గొర్రెల పెంపకందారులకు ఉద్దేశించినది ఒకటుంది. చలి, వాన, గాలి కలిసి వస్తే కొత్తగా ఉన్ని తీసిన గొర్రెలూ, అప్పుడే పుట్టిన పిల్లలూ చనిపోయే ప్రమాదం ఉంటుంది. పాపం రైతుకు గుబులు పుట్టించే ఆ హెచ్చరికే స్కీయింగ్ ప్రియులకు శుభవార్త. చలిగాలి పల్లపు ప్రాంతాల దాకా దిగుతున్నదని దాని అర్థం.

7. ఆ రాత్రి జరుగుతున్నది గమనించండి

ఫ్రంట్ వచ్చే రాత్రి అంచనాలు పక్కన పెట్టి పరిశీలనలు చూడాలి. థ్రెడ్బో టాప్ స్టేషన్, మౌంట్ హోథమ్, ఫాల్స్ క్రీక్, మౌంట్ బుల్లర్‌లలోని వాతావరణ కేంద్రాల వివరాలు బ్యూరో రోజంతా ఇస్తూనే ఉంటుంది. గాలి వాయవ్యం నుంచి పడమరకు, నైరుతికి మళ్లిన క్షణం, ఆ వెంటనే ఉష్ణోగ్రత పడిపోవడం ఆ పట్టికలో స్పష్టంగా కనిపిస్తాయి. విక్టోరియా పడమటి కేంద్రాల్లో ఈ మార్పు ఎన్ని గంటలకు వచ్చిందో చూస్తే, కొండలకు ఎప్పుడు చేరుతుందో లెక్క కట్టవచ్చు. వర్షమాపకంలో అంకె పెరగకపోతే నిరుత్సాహపడకండి. ఈదురుగాలిలో మంచు రేకులు మాపకంలో పడకుండా పక్కకు కొట్టుకుపోతాయి. అలాంటప్పుడు రిసార్టుల వెబ్‌క్యామ్‌లే నయం.

ఈ పరిశీలనలకు పాత చరిత్ర ఉంది. 1897లో క్లెమెంట్ ర్యాగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త కోజియాస్కో శిఖరం మీదే పరిశీలనా కేంద్రాన్ని పెట్టించాడు. 1902లో అది మూతపడేదాకా పరిశీలకులు చలికాలమంతా ఆ కొండకొమ్మునే ఉండి కొలతలు తీశారు.

8. పడిన మంచును కొలవండి, పోల్చండి

కొండ మీద బస చేస్తున్నవారు స్వయంగా కొలవవచ్చు. రెండడుగుల చదరపు తెల్ల పలకను గాలి సుడి తిరగని, చెట్ల కొమ్మల నుంచి మంచు రాలని చోట మట్టంగా ఉంచి, ఉదయాన్నే స్కేలు నిటారుగా దించి మూడు నాలుగు చోట్ల లోతు చూసి సగటు రాసుకోవాలి. తరవాత పలకను శుభ్రంగా తుడిచి, కొత్త మంచుకు సమంగా మళ్లీ ఉంచాలి.

సీజన్ మొత్తానికి కొలబద్ద మాత్రం స్పెన్సర్స్ క్రీక్. పెరిషర్‌కూ షార్లెట్ పాస్‌కూ మధ్య, 1,830 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చోట 1954 నుంచి మంచును కొలుస్తున్నారు. జలవిద్యుత్తు సంస్థ స్నోవీ హైడ్రో సిబ్బంది చలికాలంలో వారానికోసారి వెళ్లి, మంచులోకి గొట్టం దించి లోతు చూస్తారు. మంచుతో నిండిన గొట్టాన్ని తూచి అందులో ఎంత నీరుందో కూడా లెక్కకడతారు, ఎందుకంటే వసంతంలో ఆ నీరే వారి జలాశయాల్లోకి చేరుతుంది. 1981లో అక్కడ 361 సెంటీమీటర్ల లోతు నమోదైంది. 2006లో గరిష్ఠ లోతే 85 సెంటీమీటర్లు. ఈ రెండు అంకెలూ గుర్తుంటే, ఎవరైనా "ఈ ఏడు రికార్డు మంచు" అన్నప్పుడు సరిచూసుకోవచ్చు. దశాబ్దాల కొలతలను కలిపి చూస్తే లోతు తగ్గుతున్నదనీ, వసంతంలో మంచు త్వరగా కరిగిపోతున్నదనీ తెలుస్తుంది.

9. కొండెక్కే ముందు కారు సిద్ధం చేసుకోండి

కోజియాస్కో జాతీయ ఉద్యానవనంలో చలికాలమంతా టూ వీల్ డ్రైవ్ కార్లు చక్రాలకు వేసే చైన్లు వెంట ఉంచుకోవాలి. విక్టోరియా రిసార్టుల నియమాలు వేరు, అక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలకూ ఈ షరతు వర్తించవచ్చు కాబట్టి బయలుదేరే రోజు చూసుకోవాలి. జిండబైన్, మాన్స్‌ఫీల్డ్ వంటి కొండకింది ఊళ్లలో చైన్లు అద్దెకు దొరుకుతాయి. తీసుకునేటప్పుడే ఒకసారి తొడిగి చూడండి, ఎందుకంటే వేళ్లు కొంకర్లు పోయే గాలిలో మొదటి పాఠం నేర్చుకోవడం కష్టం. అద్దె కారు అయితే మంచు రోడ్ల మీద నడపడానికి ఒప్పందం అనుమతిస్తుందో లేదో చదవాలి. చైన్లంటే చికాకుపడేవారు బుల్లాక్స్ ఫ్లాట్‌లో కారు ఆపి, సొరంగ మార్గంలో నడిచే స్కీట్యూబ్ రైలులో పెరిషర్ చేరవచ్చు.

నగరంలో పోయించుకున్న డీజిల్ కొండమీది చలికి మైనంలా పేరుకుని ఇంజిన్ మొరాయిస్తుంది. అందుకని ట్యాంకు సగం ఖాళీగా ఉన్నప్పుడే కింది ఊళ్లకు చేరి, అక్కడ అమ్మే, చలికి పేరుకోని ఆల్పైన్ డీజిల్ నింపుకోవాలి. రాత్రంతా కారు బయట ఉంచేటట్లయితే హ్యాండ్‌బ్రేక్ గడ్డకట్టుకుపోకుండా దాన్ని వేయకుండా వదిలి, సమతలంగా ఉన్న చోట బండిని గేరులో నిలిపి, వైపర్లు అద్దానికి అంటుకోకుండా పైకి లేపి ఉంచాలి. పగలు కరిగిన నీరు సాయంత్రం రోడ్డు మీద కంటికి కనిపించని గాజుపొరలా గడ్డకడుతుంది కాబట్టి, తిరుగు ప్రయాణం పొద్దు వాలకముందే మొదలుపెట్టాలి.