చెన్నైలో ఉంటూ సెయింట్ మిరెన్ క్లబ్‌ను, దాని ఊరు పేస్లీని ఫాలో అవ్వడం ఎలా

స్కాట్లండ్ ఫుట్‌బాల్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి రెండే పేర్లు, సెల్టిక్, రేంజర్స్. రెండూ గ్లాస్గో క్లబ్బులే. 1986 నుంచి 2025 దాకా ప్రతి సీజన్ లీగ్ టైటిల్ ఈ రెండింట్లో ఒకదానికే వెళ్ళింది. సెల్టిక్‌కు మన దేశంతో ఒక మంచి బంధం కూడా ఉంది, 1936లో కలకత్తా నుంచి వెళ్ళిన మహమ్మద్ సలీం బూట్లు లేకుండా, పాదాలకు కట్టు కట్టుకుని ఆ క్లబ్ తరఫున రెండు మ్యాచ్‌లు ఆడాడు. అయినా మీరు కొత్తగా మొదలుపెడుతుంటే నా సలహా వేరే: చిన్న ఊరి క్లబ్‌ను పట్టుకోండి. పెద్ద క్లబ్ ఎక్కడైనా పెద్ద క్లబ్బే, దానికి ఊరితో పెద్దగా పని లేదు. చిన్న క్లబ్ అలా కాదు, ఊరు తెలియకపోతే అది సగమే అర్థమవుతుంది. ఊరు తెలిస్తే మాత్రం పట్టికలో కింద ఉన్నా సరే వదలబుద్ధి కాదు.

నేను ఫాలో అయ్యేది సెయింట్ మిరెన్. 1877లో పుట్టిన క్లబ్, నలుపు తెలుపు నిలువు చారల జెర్సీ, ఊరి పేరు పేస్లీ. గ్లాస్గో పక్కనే ఉంటుంది, గ్లాస్గో సెంట్రల్ స్టేషన్ నుంచి రైల్లో పది నిమిషాలు. ఇంత దూరపు ఊరితో చెన్నైవాళ్ళకేం పని అనుకోకండి. మీ ఇంట్లో కుట్టు మిషను ఉంటే దారపు రీలు తీసి చూడండి, లేదా ప్యారీస్ దగ్గర కుట్టు సామాన్లు అమ్మే ఏ దుకాణానికైనా వెళ్ళి అడగండి. కోట్స్ అనే పేరు కనబడుతుంది. ఆ కోట్స్ పేస్లీ కుటుంబమే. స్కాట్లండ్ నుంచి వచ్చిన హార్వీ సోదరులు మదురైలో పెట్టిన మధురా మిల్స్, 1970లలో ఆ కంపెనీతో కలిసి మధురా కోట్స్ అయింది. చీరల మీద, షాల్వల మీద కనబడే మామిడి పిందె డిజైన్‌ను ప్రపంచమంతా పేస్లీ అంటోంది కదా, అదీ ఈ ఊరి పేరే. ఇంకోటి, చెన్నయిన్ ఎఫ్‌సీకి రెండుసార్లు కోచ్‌గా చేసిన ఓవెన్ కోయిల్ పుట్టింది పేస్లీలోనే. అంటే సగం దారి మీకు ముందే తెలుసు.

ముందు టైమ్ సంగతి చూసుకుందాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే విసిగిపోయి మానేస్తారు. అక్కడ శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యే మ్యాచ్ మనకు ఎండాకాలపు టైమ్ నడిచే నెలల్లో రాత్రి 7:30కి, మిగతా నెలల్లో 8:30కి వస్తుంది. అక్టోబర్ చివరి ఆదివారం, మార్చి చివరి ఆదివారం వాళ్ళు గడియారం మారుస్తారు, ఆ రెండు వారాలు జాగ్రత్త. భోజనం ముగించుకుని హాయిగా కూర్చోవచ్చు, ఇంగ్లండ్ పెద్ద మ్యాచ్‌లకంటే ఇదే మేలు. వారం మధ్యలో జరిగేవి మాత్రం కష్టం, 7:45 మ్యాచ్ మనకు అర్ధరాత్రి దాటాక 12:15కో 1:15కో మొదలవుతుంది. వాటికి మేలుకోవాలని పట్టుపట్టొద్దు, పొద్దున్నే లీగ్ సొంత యూట్యూబ్ ఛానల్లో హైలైట్స్ చూస్తే సరిపోతుంది.

లైవ్ చూడ్డానికి ఏ ఛానల్, ఏ యాప్ అన్నది సీజన్ సీజన్‌కూ మారుతుంది కాబట్టి జులైలోనే క్లబ్ అధికారిక సైట్ చూసుకోండి. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా లైవ్ ఫుట్‌బాల్ ప్రసారం మీద నిషేధం ఉంది, జనం మైదానాలకు రావడం మానకూడదని. ఆ నిషేధం మనకు వర్తించదు. క్లబ్ విదేశాలకు పాస్ అమ్మే మ్యాచ్‌లైతే, అక్కడి అభిమాని ఇంట్లో కూర్చుని చూడలేనిది మనం ఇక్కడ చూడొచ్చు. దొంగ స్ట్రీమ్‌ల జోలికి వెళ్ళొద్దు. సరిగ్గా పెనాల్టీ టైమ్‌కి ఆగిపోతాయి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు, పైగా ఎనిమిది వేలమంది పట్టే మైదానం ఉన్న క్లబ్‌కు ప్రతి పాస్ డబ్బూ లెక్కే.

లీగ్ నడిచే తీరు ఒకటి ముందే తెలుసుకోవాలి. మొత్తం 12 జట్లు. 33 మ్యాచ్‌లయ్యాక పట్టికను మధ్యకు విరగ్గొడతారు, పై ఆరు ఒకవైపు, కింది ఆరు ఒకవైపు, చివరి ఐదు మ్యాచ్‌లు ఎవరివైపు వాళ్ళలోనే. ఒకసారి విడిపోయాక ఏడో స్థానం జట్టుకు ఆరో జట్టుకంటే ఎక్కువ పాయింట్లు వచ్చినా ఏడోదిగానే మిగులుతుంది. అందుకే సెయింట్ మిరెన్ లాంటి క్లబ్‌కు ఏప్రిల్ నెలే అసలు సీజన్. పై సగంలో ఉంటే యూరప్ ఆశ, కింది సగంలో ఉంటే డివిజన్ నుంచి పడిపోతామన్న భయం. 2023-24లో ఐదో స్థానంలో నిలిచి 37 ఏళ్ళ తర్వాత యూరప్ పోటీల్లో అడుగుపెట్టారు. ఆ సంగతి తెలిస్తేనే ఆరో స్థానం కోసం అంత కొట్టుకోవడం ఎందుకో తెలుస్తుంది.

క్లబ్ చరిత్ర చదవడానికి రెండు సాయంత్రాలు చాలు. స్కాటిష్ కప్ మూడుసార్లు, 1926, 1959, 1987. చివరిది డండీ యునైటెడ్ మీద అదనపు సమయంలో 1-0, ఇయాన్ ఫెర్గూసన్ గోల్, ఆ రోజు జట్టంతా స్కాట్లండ్ వాళ్ళే. 2013లో, 2025లో లీగ్ కప్. వీటికంటే ముందు చదవాల్సింది ఇంకో ఫెర్గూసన్ గురించి. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌తో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న అలెక్స్ ఫెర్గూసన్ 1974లో ఇక్కడ మేనేజర్‌గా వచ్చాడు. మైదానానికి వెయ్యిమంది రావడమే గగనమైన రోజుల్లో కుర్రాళ్ళతో జట్టు కట్టాడు, మన ఊళ్ళలో కొత్త సినిమాకు మైకు పెట్టిన జీపు తిరిగినట్టు వ్యాన్‌లో లౌడ్‌స్పీకర్ పెట్టి వీధి వీధీ తిరిగి జనాన్ని మ్యాచ్‌కు పిలిచాడు. 1977లో జట్టును పై డివిజన్‌కు తీసుకెళ్ళాడు. 1978లో క్లబ్ అతన్ని తీసేసింది. ఆయన జీవితంలో ఆయన్ని తీసేసిన క్లబ్ ఇదొక్కటే. ఊళ్ళో ఇప్పటికీ దీని మీద వాదన నడుస్తుంది, మీరూ ఏదో ఒక పక్షం తీసుకోండి. నా లెక్క ప్రకారం ఆ నిర్ణయం మీద బాధపడటంకంటే, ఆ నాలుగేళ్ళు ఊరు మైదానానికి ఎలా తిరిగొచ్చిందో చదవడం మేలు.

ఇక ఊరి చరిత్ర. ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి.

దారంతో మొదలుపెట్టండి. నెపోలియన్ యుద్ధాల కాలంలో పట్టు దొరక్క మగ్గాల పని ఆగిపోయే పరిస్థితి వస్తే, పేస్లీలోని క్లార్క్ కుటుంబం పట్టుకు బదులు నున్నటి నూలు దారం తయారుచేసింది, 1812 నాటికి అదే కుట్టుదారంగా అమ్మకానికొచ్చింది. ఆ తర్వాత కోట్స్ వాళ్ళు దిగారు. క్లార్కులవి యాంకర్ మిల్లులు, కోట్స్ వాళ్ళవి ఫెర్గుస్లీ మిల్లులు, 1896లో రెండు కంపెనీలూ ఒకటైపోయాయి. పుర్రచేతి వాటం, కుడిచేతి వాటం ఉన్నట్టు ఊళ్ళో ప్రతి ఇంటికీ ఏదో ఒక మిల్లు ఉండేది, వేలమంది పనిచేసేవాళ్ళు, వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. క్లబ్ ఇప్పటి మైదానం ఉన్నది ఆ ఫెర్గుస్లీ వైపే.

దారం కంటే ముందు షాల్వలు. కశ్మీరు షాల్వలు ఈస్టిండియా కంపెనీ రోజుల్లో బ్రిటన్ చేరాయి, వాటి ఖరీదు అందరికీ అందేది కాదు. 1800 తొలి ఏళ్ళ నుంచి పేస్లీ నేతగాళ్ళు అదే పిందె డిజైన్‌ను మగ్గం మీద నేసి చవగ్గా అమ్మారు. ఎడిన్‌బరా, నారిచ్ ఊళ్ళూ నేశాయి కానీ పేరు పేస్లీకే దక్కింది. 1870ల్లో ఆడవాళ్ళ గౌన్ల ఫ్యాషన్ మారి షాల్వ వెనక్కి తగ్గడంతో ఆ పని కూలిపోయింది. మాది వెంకటగిరి, అందుకే ఈ కథలో ఒక చోట నేను చాలాసేపు ఆగిపోతాను. రంగు రంగుల పేక పోగుల మధ్య వాటిని పట్టి ఉంచడానికి ఒక సన్నటి పోగు నేయాలి. అది లేకపోతే గుడ్డ నిలవదు, నేశాక మాత్రం కంటికి కనబడదు. కనబడని పోగుకు కూలి ఎందుకివ్వాలని షావుకార్లు ఎగ్గొట్టేవాళ్ళు, ఆ దారం నేతగాళ్ళే సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి వచ్చేది. ఏళ్ళ తరబడి పోరాడి 1856లో కూలి సాధించారు. ఆ సన్నటి పోగునే అక్కడ స్మా షాట్ అంటారు, ఆ విజయాన్ని స్మా షాట్ డే పేరుతో ఇప్పటికీ ఏటా జులై మొదటి శనివారం జరుపుకుంటారు, డప్పు వెనక ఊరేగింపు నడుస్తుంది, అప్పటి షావుకారు దిష్టిబొమ్మ తగలబెడతారు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న ఇంటివాళ్ళెవరికైనా ఈ కథ చెప్పి చూడండి, ఇంక వివరించాల్సిన పని ఉండదు. మీ సీజన్‌ను ఆగస్టు నుంచి కాకుండా ఈ పండగ నుంచి లెక్కపెట్టుకోండి, కొద్దిరోజులకే లీగ్ కప్ గ్రూప్ మ్యాచ్‌లు మొదలవుతాయి.

మీ ఇంట్లో లా చదివినవాళ్ళుంటే నత్త కేసు అడగండి. 1928లో పేస్లీ వెల్‌మెడో కేఫ్‌లో ఒకావిడ తాగిన జింజర్ బీర్ సీసాలో కుళ్ళిన నత్త వచ్చిందన్నదే ఆ కేసు, డొనహ్యూ వర్సెస్ స్టీవెన్‌సన్. 1932లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పుతో, సరుకు తయారుచేసినవాడికి దాన్ని వాడేవాడి పట్ల బాధ్యత ఉంటుందన్న సూత్రం నిలబడింది. మన లా కాలేజీల్లోనూ అదే మొదటి పాఠాల్లో ఉంటుంది.

పేస్లీలోని గ్లెన్ సినిమా అనే థియేటర్ సంగతి కూడా తెలుసుకోవాలి, కానీ మెల్లగా, మర్యాదగా. 1929 డిసెంబర్ 31న పిల్లల ఆటలో ఫిల్మ్ రీలు నుంచి పొగ వచ్చింది, భయంతో పిల్లలు తలుపు వైపు పరుగెత్తారు, బయటికి దారి మూసి ఉంది, 71 మంది పిల్లలు చనిపోయారు. ఊళ్ళో చాలా కుటుంబాలకు ఇది ఇంటి విషాదం. అక్కడి అభిమానులతో మాట్లాడేటప్పుడు, మీకు తెలుసని చూపించుకోవడానికి దీన్ని ఎత్తకండి.

చదవడానికి ఎక్కడికి వెళ్ళాలి అంటే, స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ వాళ్ళ మ్యాపుల సైట్‌కు ముందు వెళ్ళండి. పూర్తిగా ఉచితం. పాత సర్వే మ్యాపును ఇప్పటి శాటిలైట్ ఫొటో మీద పరిచి, అడుగున ఉన్నది కనబడేలా పలచగా చేసుకోవచ్చు. లవ్ స్ట్రీట్ అని వెతకండి. 1894 నుంచి 2009 దాకా క్లబ్ ఆడిన మైదానం అక్కడే ఉండేది, ఇప్పుడు అక్కడ ఇళ్ళున్నాయి. ఆ తర్వాత యాంకర్ మిల్లులు, కార్ట్ నది, అబ్బే ఒక్కొక్కటే పట్టుకోండి. అబ్బే 1163లో మఠంగా మొదలైంది, క్లబ్ పేరులో ఉన్న మిరెన్ ఆ ఊరు కొలిచే క్రైస్తవ సాధువు. స్టాటిస్టికల్ అకౌంట్స్ అని ఇంకోటి ఉంది, 1790ల్లో ఒకసారి, 1830-40ల్లో మరోసారి ప్రతి చర్చి పరిధిలోని పాస్టర్ తన ఊరి పంటలు, పనులు, కూలి రేట్లు, జబ్బులు అన్నీ రాసి పంపిన వివరాలు. అవీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. రోజువారీ కబుర్లకు పేస్లీ డైలీ ఎక్స్‌ప్రెస్ పేపర్ చాలు.

బయటి మ్యాచ్ ఉన్న వారం ఎదుటి ఊరి గురించి ఒక్క పేజీ చదవడం అలవాటు చేసుకోండి. డండీ అయితే బెంగాల్ జనపనార, పైగా అక్కడి రెండు క్లబ్బుల మైదానాలూ ఒకే వీధిలో ఉన్నాయి. మదర్‌వెల్ అయితే 1992లో మూతబడిన రేవెన్స్‌క్రెయిగ్ ఉక్కు ఫ్యాక్టరీ. ఏడాది తిరిగేసరికి స్కాట్లండ్ సగం మీకు తెలిసిపోతుంది.

జెర్సీ కొనేటప్పుడు పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలిపి లెక్కేసుకోండి. నలుగురు కలిసి ఆర్డర్ పెడితే నయం. 2021 నుంచి ఈ క్లబ్‌లో మెజారిటీ వాటా అభిమానుల సంఘానిదే, నెల నెలా చందా కట్టే మామూలు మనుషులది. చేరాలనుంటే వాళ్ళకు మెయిల్ పెట్టి అడగండి, మీరెవరో, ఏ ఊరో రాయండి. మదురై దారపు మిల్లు సంగతి రాస్తే ఇంకా మంచిది, మాట అక్కడి నుంచి సాగుతుంది.

ఇలా పరాయి ఊరి చరిత్ర తవ్వుతుంటే సొంత ఊరిది కూడా తవ్వాలనిపిస్తుంది, దానికి చెన్నై కంటే మంచి చోటు లేదు. లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టిన ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ, ఏలూరు వైపు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యల సాయంతో మన ఊళ్ళ కైఫియత్తులు సేకరించాడు. ఊరు ఎవరు కట్టించారు, గుడి ఎవరిది, చెరువు ఎప్పుడు తెగింది, కరణాలు చెప్పింది చెప్పినట్టు రాయించాడు. అక్కడ పాస్టర్లు రాసిన కాలంలోనే ఇక్కడ కరణాలు చెప్పారన్నమాట. ఆ రాతలు చెన్నై ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కడప జిల్లావి అక్కడి సి.పి. బ్రౌన్ కేంద్రం అచ్చువేసింది. వెళ్ళేముందు మీ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఏ జిల్లా, ఏ తాలూకా కింద ఉండేదో రాసుకోండి, ఇప్పటి జిల్లా పేరు చెబితే కేటలాగ్‌లో దొరకదు. మా వెంకటగిరి ఇప్పుడు తిరుపతి జిల్లా, కానీ వెతకాల్సింది నెల్లూరు కిందే. 1873 నాటి నెల్లూరు జిల్లా మాన్యువల్ ముందు చదివి వెళ్తే ఏ పేరు అడగాలో తెలుస్తుంది. చేతిరాత గొలుసుకట్టుగా ఉంటుంది, మొదటి పేజీ అస్సలు అర్థం కాదు. ఇంట్లో పాత దస్తావేజులు చదివిన తాతయ్యో పెదనాన్నో ఉంటే వెంట తీసుకెళ్ళండి. శనివారం వెళ్ళేట్టయితే తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కుని పెందలాడే బయల్దేరండి, రాత్రి మ్యాచ్ టైమ్‌కు ఇంటికొచ్చెయ్యొచ్చు.