పాఠం 5: ఒక్క కడుపుకి నాలుగు డేట్లు వస్తే దేన్ని పట్టుకోవాలి

పోయిన పాఠంలో ఎల్ఎంపీ నుంచి, అంటే ఆఖరి పీరియడ్ మొదటి రోజు నుంచి, డెలివరీ డేట్ వేసుకోమన్నాను కదా. వేశారు, చాలా సంతోషం. కానీ వేశాక మీరు పంపిన ప్రశ్నలు చూస్తే ఈసారి చెప్దామనుకున్న నొప్పుల పాఠం వెనక్కి జరపక తప్పలేదు. "అక్కా, చేత్తో వేస్తే ఒక డేట్, యాప్‌లో ఇంకోటి, స్కాన్ పేపర్‌లో మూడోది, మా అత్తమ్మ లెక్కలో నాలుగోది, నేను దేన్ని నమ్మాలి" అని అందరిదీ ఒకటే గోల. ఇది తేలకుండా ముందుకెళ్తే లాభం లేదు, ఎందుకంటే రేపు తొమ్మిదో నెలలో "డేట్ దాటింది", "నెలలు నిండాయి", "ఇంక ఆగితే రిస్క్" అని ఎవరేమన్నా ఆ మాటలన్నీ ఈ ఒక్క డేట్ మీదే నిలబడతాయి, డేట్ తప్పయితే నిర్ణయమూ తప్పే.

పోయినసారి ఉదాహరణే తీసుకుందాం. ఒక అమ్మాయి ఎల్ఎంపీ 2025 మార్చి 10. తొమ్మిది నెలలు కలిపి ఏడు రోజులు కలిపితే డిసెంబర్ 17. యాప్‌లో కొడితే డిసెంబర్ 15. ఎవరూ తప్పు చెయ్యలేదు. యాప్ సరిగ్గా 280 రోజులు లెక్కేస్తుంది, చేతి లెక్కలో నెలకి 30 రోజులొస్తాయి, 31 వస్తాయి, 28 కూడా వస్తాయి, అక్కడే రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతాయి. దీని గురించి బెంగ పెట్టుకోకండి.

నాకిష్టమైన ఒక షార్ట్‌కట్ చెప్తా, యాప్ కన్నా నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. 2025 మార్చి 10 సోమవారం. అంటే ఈ అమ్మాయికి ప్రతి సోమవారం కొత్త వారం మొదలవుతుంది. 280 రోజులంటే కచ్చితంగా 40 వారాలు కాబట్టి డెలివరీ డేట్ కూడా సోమవారమే పడాలి. డిసెంబర్ 15 సోమవారం, సరిపోయింది. డిసెంబర్ 17 బుధవారం, కాబట్టి అది ఉజ్జాయింపు. గోడ క్యాలెండర్ తీసుకుని మీ సోమవారాలో మీ గురువారాలో అన్నిటి మీదా పెన్నుతో 8, 9, 10 అని వారాల నంబర్లు వేసుకుంటూ పోండి. ఇంట్లో అందరికీ కనబడేట్టు, అత్తమ్మకి కూడా. రిపోర్టులో 35+4 అని ఉంటే 35 వారాల 4 రోజులు అని, 39 కాదు, ముప్పై అయిదు పాయింట్ నాలుగూ కాదు.

ఇంక అత్తమ్మ లెక్క. దీని దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి, ఎందుకంటే ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే చోట దెబ్బ తింటున్నారు, చదువుకున్నవాళ్ళు కూడా.

"నెలకి నాలుగు వారాలు, తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు, 36 వారాలు వచ్చేశాయి కాబట్టి నెలలు నిండాయి." ఇదీ లెక్క. తప్పు. ఫిబ్రవరి వదిలేస్తే ఏ నెలా నాలుగు వారాలే ఉండదు, పైన రెండు మూడు రోజులు ఉంటాయి, తొమ్మిది నెలల్లో అవన్నీ కలిసి మూడు వారాలు దాటతాయి. ఆ మూడు వారాలే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేవి, ఒంటికి కాస్త కొవ్వు పట్టేవి, పాలు లాగి మింగే బలం వచ్చేవి. మన అమ్మాయి క్యాలెండర్‌లో చూడండి. "తొమ్మిదో నెల పడింది" అనే మాట నవంబర్ 10న మొదలవుతుంది, ఆ రోజుకి ఆమెకి 35 వారాలే. తొమ్మిది నాలుగుల లెక్క నవంబర్ 17న పూర్తవుతుంది, ఆ రోజుకి 36 వారాలు. నిజంగా తొమ్మిది నెలలు నిండేది డిసెంబర్ 10న, అప్పటికి 39 వారాల 2 రోజులు. తొమ్మిదో నెల పడటం వేరు, తొమ్మిది నెలలు నిండటం వేరు, మధ్యలో నెల రోజులుంది. కొందరు పెద్దవాళ్ళు నెల తప్పిన రోజు నుంచి లెక్కపెడతారు, అప్పుడు ఇంకో నెల తేడా వస్తుంది. అందుకే నేను డాక్టర్ దగ్గర నెలలు మాట్లాడొద్దంటాను. వారాలు చెప్పండి, వారాలే అడగండి.

ముహూర్తం పెట్టించుకునేవాళ్ళకి కూడా ఇక్కడే చెప్తున్నా. పంతులుగారు తొమ్మిదో నెలలో మంచి రోజు చూసిచ్చారు అంటే ఆ రోజు 35 వారాలకి పడుతుందా 38కి పడుతుందా అని ఆయనకి తెలీదు, మీరే చూసుకోవాలి. తల్లికో బిడ్డకో వైద్యపరమైన కారణం లేకుండా ముందే డేట్ ఫిక్స్ చేసుకునే సిజేరియన్ 39 వారాలు నిండాకే మంచిది, 37లో 38లో తీస్తే బిడ్డకి ఆయాసం వచ్చి ఎన్ఐసీయూకి, అంటే పసిపిల్లల ఐసీయూకి, వెళ్ళే అవకాశం పెరుగుతుంది. నక్షత్రం బాగుండి బిడ్డ అద్దాల పెట్టెలో ఉంటే ఆ తల్లి పడే బాధ నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

సరే, స్కాన్ పేపర్లకి వద్దాం. ఫైల్ తెరిస్తే మూడు నాలుగు స్కాన్‌లు ఉంటాయి, మూడో నెల దగ్గర బిడ్డ మెడ వెనక మందం చూసే ఎన్‌టీ స్కాన్, అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా, తర్వాత బిడ్డ ఎదుగుదల చూసే గ్రోత్ స్కాన్‌లు. ఈడీడీ అంటే డెలివరీ డేట్, యూఎస్‌జీ అంటే స్కాన్. ప్రతి దాని మీదా "ఈడీడీ బై ఎల్ఎంపీ" అని ఒకటి, "ఈడీడీ బై యూఎస్‌జీ" అని ఇంకోటి ఉంటాయి. ఆ రెండోది పేపర్ పేపర్‌కీ మారిపోతూ ఉంటుంది. మీరు చూసి "డేట్ మారింది" అనుకుంటున్నారు. మారలేదు. మిషన్ ఆ రోజు బిడ్డ కొలతలు తీసుకుని, ఇంత సైజు బిడ్డ మామూలుగా ఎన్ని వారాలకి ఉంటుందో చూసి, అక్కడి నుంచి 40 వారాలకి ముందుకు లెక్కేసి ఒక డేట్ అచ్చేస్తుంది, అంతే. మొదటి మూడు నెలల్లో పిల్లలందరూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు కాబట్టి అప్పుడు సైజుని బట్టి వయసు చెప్పొచ్చు. తల నుంచి పిర్ర దాకా పొడవు కొలుస్తారు, పేపర్‌లో సీఆర్ఎల్ అని ఉంటుంది. తర్వాత ఒకరు బొద్దుగా ఒకరు సన్నగా, తల్లిదండ్రుల పోలికలు, షుగర్, బీపీ అన్నీ కలుస్తాయి, చివరి మూడు నెలల్లో అదే స్కాన్ మూడు వారాల దాకా అటో ఇటో చెప్పగలదు.

కాబట్టి మొదటి మంచి స్కాన్‌తోనే డేట్ తేల్చుకోవాలి. 9 నుంచి 13 వారాల మధ్య స్కాన్ ఎల్ఎంపీ లెక్కతో 7 రోజుల లోపు కలిస్తే ఎల్ఎంపీ డేటే ఉంచుతారు, 7 రోజులు దాటి తేడా ఉంటే స్కాన్ డేట్ తీసుకుంటారు. ఆ తర్వాత వచ్చే ఏ గ్రోత్ స్కానూ దాన్ని మార్చకూడదు. పీసీఓడీ ఉండి 40 రోజులకోసారి పీరియడ్ వచ్చేవాళ్ళకి, బిడ్డకి పాలిస్తూ పీరియడ్ రాకుండానే మళ్ళీ కడుపుతో అయినవాళ్ళకి ఎల్ఎంపీ లెక్క పనికిరాదు, మొదటి స్కానే దిక్కు. ఐవీఎఫ్ వాళ్ళకి ఆస్పత్రే డేట్ ఇస్తుంది.

మన అమ్మాయికి జూన్ 2న ఎన్‌టీ స్కాన్ అయింది, ఎల్ఎంపీ ప్రకారం 12 వారాలు, స్కాన్‌లో 12+1. ఒక్క రోజు తేడా, డిసెంబర్ 15 ఖాయం. నవంబర్ 10న గ్రోత్ స్కాన్‌కి వెళ్ళింది, నిజానికి 35 వారాలు. బిడ్డ బొద్దుగా ఉంది, మిషన్ 37 వారాలు అని చెప్పి ఈడీడీ డిసెంబర్ 1 అని వేసింది. ఇంటికొచ్చాక ఆ పేపర్ చూసి "వచ్చే సోమవారానికి 38 వారాలు, అప్పుడు చేయించేద్దాం" అనుకుంటే ఆ రోజు నవంబర్ 17, పైన చెప్పిన తొమ్మిది నాలుగుల రోజే, అప్పటికి బిడ్డకి 36 వారాలే.

దీనికి తిరగబడ్డ కేసు ఇంకా ప్రమాదం, ఎవరూ పట్టించుకోరు. అదే నవంబర్ 10న మిషన్ 32 వారాలు అని చెప్పిందనుకోండి. ఇంట్లో అందరూ "హమ్మయ్య, డేట్ జనవరికి జరిగింది, ఇంకా టైముంది" అనుకుంటారు. డేట్ జరగలేదు. బిడ్డ పెరుగుదల తగ్గి ఉండొచ్చు. మాయ నుంచి రక్తం సరిగ్గా అందుతోందా అని డాప్లర్ స్కాన్‌తో చూడాలి, డాక్టర్‌తో ఆ రోజే మాట్లాడాలి. డేట్ మార్చుకున్న ఇంట్లో ఈ హెచ్చరిక ఎవరికీ కనబడదు.

డేట్ దాటినవాళ్ళకి ఒక్క మాట. 40 అనేది గడువు కాదు, సరిగ్గా ఆ రోజే పుట్టే పిల్లలు నూటికి నలుగురో అయిదుగురో. అలాగని ఎన్నాళ్ళయినా కూర్చోవడం కూడా కాదు. 41 వారాలు కచ్చితంగా నిండినవాళ్ళకి నొప్పులు తెప్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, ఆపైన ఆగితే బిడ్డకి ప్రమాదం పెరుగుతుంది. నొప్పులు తెప్పించడమంటే సిజేరియన్ కాదు, దాని గురించి విడిగా చెప్తా.

ఇంత లెక్క ఎందుకక్కా అని ఒకరడిగారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5. సిజేరియన్ ప్రాణం కాపాడే ఆపరేషన్, అవసరమైనప్పుడు దాన్ని కాదనే మాట నా పాఠాల్లో ఉండదు. కానీ "డేట్ అయిపోయింది" అన్న ఒక్క కారణం మీద చేస్తున్నారంటే ఆ డేట్ ఎక్కడి నుంచి వచ్చిందో అడిగే హక్కు మీకుంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, పేషెంట్ ఒప్పుకునే ముందు ఆ చికిత్స ఏంటి, ఎందుకు, లాభమేంటి, రిస్కులేంటి, వేరే దారి ఉందా, వద్దంటే ఏమవుతుంది అనేవి డాక్టర్ చెప్పాలని చెప్పింది. పోట్లాడక్కర్లేదు. "మేడమ్, నా ఎన్‌టీ స్కాన్ ప్రకారం ఈ రోజుకి 36 వారాలు కదా, ఇప్పుడే ఎందుకంటున్నారో కొంచెం చెప్తారా" అని అడగండి. బీపీ పెరిగిందనో, ఉమ్మనీరు బాగా తగ్గిందనో గట్టి కారణం ఉంటే చెప్తారు, అప్పుడు మీరే ధైర్యంగా సంతకం పెడతారు.

కదలికలు తగ్గినా, రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, విపరీతమైన తలనొప్పితో కళ్ళు మసకబారినా ఈ లెక్కలేవీ వద్దు, క్యాలెండర్ పక్కన పడేసి 108కి ఫోన్ చేసి వెళ్ళిపోండి.

ప్రాక్టీస్. ఈసారి కాస్త కష్టమైనదే ఇస్తున్నా. ఫైల్‌లో ఉన్న ప్రతి స్కాన్ పేపర్ తియ్యండి. ఒక తెల్ల కాగితం మీద ఒక్కో స్కాన్‌కి ఒక వరుస, అందులో స్కాన్ చేసిన తేదీ, ఆ రోజుకి మీ ఖాయమైన డేట్ ప్రకారం వారాలు, మిషన్ చెప్పిన వారాలు, తేడా ఎన్ని రోజులు. ఇదే లెక్క మీ ఆయన మీ కాగితం చూడకుండా విడిగా వెయ్యాలి, రెండూ కలవకపోతే ఇద్దరూ కూర్చుని మళ్ళీ. తేడా స్కాన్ స్కాన్‌కీ పెరుగుతూ పోతుంటే ఆ వరుస కింద ఎర్ర పెన్నుతో గీసి, తర్వాతి చెకప్ దాకా ఆగకుండా డాక్టరమ్మకి చూపించండి. ఖాయమైన డేట్‌ని ఎంసీపీ కార్డు (గవర్నమెంటు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు) మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాసి, అది ఏ స్కాన్‌తో తేలిందో పక్కన రాయండి, రాత్రి డ్యూటీలో మిమ్మల్ని మొదటిసారి చూసే డాక్టర్‌కి ముందుగా కావాల్సింది అదే. ఎన్‌టీ స్కాన్ చేయించుకోనివాళ్ళు టిఫా పేపర్‌తో చెయ్యండి, కాకపోతే అక్కడ పది రోజుల దాకా తేడా మామూలే. ఆరో పాఠం నొప్పులు, ఈ కాగితం పూర్తయ్యాకే మొదలుపెట్టండి.