పింఛనులో డీఆర్ సరిగ్గా పడిందో లేదో లెక్క చూసుకోవడం ఎలా?

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు ధరలతో పాటు పెరిగే భాగాన్ని కరువు భృతి అంటారు, వాడుకలో డీఆర్. దీని రేటు ఏటా జనవరి 1, జులై 1 నుంచి మారుతుంది. ఉత్తర్వు మాత్రం ఆ తేదీలకు రాదు. జనవరిది మార్చి ప్రాంతంలో, జులైది దసరా, దీపావళి రోజుల్లో రావడం మామూలే. అప్పుడు పింఛనుతో పాటు బకాయిలూ కలిసి పడతాయి. ఖాతాలో అంకె పెద్దగా కనిపించగానే చాలామంది సరిగ్గానే వచ్చిందనుకుని వదిలేస్తారు. వదలకండి. పీపీఓ (పింఛను మంజూరు చేస్తూ ఇచ్చే చెల్లింపు ఉత్తర్వు), ఒక క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుంటే కాసేపట్లో తేలిపోయే లెక్క ఇది.

1. ముందు బేసిక్ పెన్షన్ చూడండి

తేడాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. డీఆర్‌ను లెక్కించాల్సింది మీ చేతికొచ్చే పింఛను మీద కాదు, కమ్యుటేషన్ కోత పడకముందున్న బేసిక్ పెన్షన్ మీద. రిటైరయ్యేటప్పుడు పింఛనులో 40 శాతం వరకు కమ్యూట్ చేసుకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. ఆ మేరకు నెలనెలా కోత పడుతుంది, 15 ఏళ్ల తర్వాత ఆ భాగాన్ని పునరుద్ధరిస్తారు. ఈ కోతకూ డీఆర్‌కూ సంబంధం లేదు.

ఒకరి బేసిక్ పెన్షన్ 30,000 రూపాయలు, అందులో 12,000 కమ్యూట్ చేసుకున్నారనుకుందాం. డీఆర్ కాకుండా చేతికి 18,000 వస్తుంది. 2025 జులై 1 నుంచి అమలైన డీఆర్ రేటు 58 శాతం. 30,000 మీద అది 17,400. ఎవరైనా పొరపాటున 18,000 మీద లెక్కగడితే 10,440 దగ్గర ఆగిపోతుంది. నెలకు దాదాపు 7,000 తేడా! కాబట్టి పీపీఓలోనో పింఛను స్లిప్పులోనో బేసిక్ పెన్షన్ ఎంతని ఉందో చూసి ఒక పక్కన రాసిపెట్టుకోండి. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవారికి ఆ ఫ్యామిలీ పెన్షనే బేసిక్.

2. వయసు 80 నిండిందా?

80 నిండితే బేసిక్ మీద 20 శాతం అదనపు పింఛను వస్తుంది. 85కి అది 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకు 100 శాతం అవుతుంది. పుట్టినరోజు ఏ తేదీన వచ్చినా ఆ నెల ఒకటో తేదీ నుంచే ఇవ్వాలి. ఈ అదనపు మొత్తం మీద కూడా డీఆర్ వస్తుందని చాలా ఇళ్లలో తెలియదు. పై ఉదాహరణలోని వారికే 80 నిండితే డీఆర్ 36,000 మీద వేయాలి, అంటే 20,880. వైద్య భత్యం మీద మాత్రం డీఆర్ ఉండదు.

3. రేటు ఎంతో ఉత్తర్వులోనే చూడండి

వాట్సాప్‌లో తిరిగే రేట్లను పక్కన పెట్టండి. అక్కడ ఉత్తర్వుకు నెల ముందే డీఆర్ పెరిగిపోతుంటుంది! పింఛను, పింఛనుదారుల సంక్షేమ విభాగం ఇచ్చే ఉత్తర్వే ప్రమాణం. ముందే అంచనా కట్టాలని సరదా ఉంటే మార్గం ఉంది. లేబర్ బ్యూరో నెలనెలా ఇచ్చే పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీకి 12 నెలల సగటు తీయండి. దాన్ని 2.88తో గుణించి, 261.42 తీసేసి, మిగిలినదాన్ని 261.42తో భాగించి, 100తో గుణించండి. 2025 జూన్‌తో ముగిసిన ఏడాదికి సగటు 143.6. లెక్క 58.2 దగ్గర తేలుతుంది, భిన్నం వదిలేస్తే 58. ఏడో వేతన సంఘం పింఛన్లకు వాడే పద్ధతి ఇది.

4. పెరుగుదల, బకాయిలు

డీఆర్ మొత్తంలో పైసలు వస్తే పై రూపాయికి సవరించాలి. 55 శాతం నుంచి 58 అయినప్పుడు మన ఉదాహరణలో డీఆర్ 16,500 నుంచి 17,400 అయింది, నెలకు 900 పెరిగింది. కొత్త రేటు అక్టోబరు పింఛనులో కలిస్తే జులై, ఆగస్టు, సెప్టెంబరు బకాయి 2,700 రావాలి.

‘3 శాతం పెంపు’ అని పత్రికల్లో చదివి చేతికొచ్చే మొత్తమూ 3 శాతం పెరుగుతుందని ఆశపడితే నిరాశే. ఇక్కడ కోత పోగా వచ్చే 18,000, డీఆర్ కలిపి 34,500 కాస్తా 35,400 అయింది, అంటే పెరిగింది 2.6 శాతమే. కమ్యుటేషన్ లేనివారికైతే 2 శాతం కూడా నిండదు. పెంపు బేసిక్ మీదే తప్ప మొత్తం మీద కాదు మరి.

కరోనా కాలం లెక్క వేరు. 2020 జనవరి, జులై, 2021 జనవరి విడతలను ఆపేశారు. అన్నాళ్లూ 17 శాతమే నడిచింది. 2021 జులై నుంచి పెంచినా ఆ 18 నెలల బకాయిలు ఇవ్వలేదు. పాత పాస్‌బుక్ తిరగేస్తూ ఆ కాలానికి తక్కువ పడిందని కంగారు పడక్కర్లేదు.

5. తక్కువ పడితే

బ్యాంకు ద్వారా పింఛను తీసుకునేవారు తమ బ్రాంచి ద్వారా ఆ బ్యాంకు పింఛను ప్రాసెసింగ్ కేంద్రానికి రాతపూర్వకంగా అడగాలి. నోటితో చెప్పి వస్తే ఆధారం ఉండదు. మీ లెక్క, పీపీఓ నకలు, ఉత్తర్వు నకలు జతచేసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సీపెన్‌గ్రామ్స్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. రక్షణ శాఖ పింఛనుదారులు తమ పింఛను పోర్టల్ స్పర్శ్‌లో చూసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులు కేంద్రం రేటుతో పోల్చుకుని ట్రెజరీకి వెళ్లకండి. వారి రేటు, అమలు తేదీ, బకాయిలు ఇచ్చే తీరు ఆ రాష్ట్రం జీవోలోనే ఉంటాయి.