కువైట్ ఎండాకాలం: జూన్ రాకముందే చూసుకోవాల్సినవి

మే నెల సగం దాటింది. రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు నుంచి కొత్తగా దిగిన పిల్లలు "మాది కడప వైపు అన్నా, ఎండ మాకేం కొత్త కాదు" అంటుంటారు. నేను వచ్చిన కొత్తలో నాకూ అదే ధైర్యం ఉండేది. మన ఊళ్ళో ఎండకు చింతచెట్టు నీడ ఉంటుంది, సాయంత్రం అయితే కాస్త గాలి తిరుగుతుంది. ఇక్కడ అర్ధరాత్రి కూడా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అది నీడలో కొలిచిన లెక్క. సైట్‌లో ఇనుము పక్కన, కాంక్రీటు మీద నిలబడినవాడికి తగిలేది అంతకన్నా ఎక్కువ.

జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి సాయంత్రం 4 వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది. మంచి రూలే. కానీ దాన్ని నమ్ముకుని మేలో అజాగ్రత్తగా ఉండొద్దు. నేను కళ్ళారా చూసిన వడదెబ్బ జూన్ రాకముందే తగిలింది.

నాకది ఇక్కడ రెండో ఎండాకాలం. జహ్రా వైపు ఒక సైట్‌లో కమ్మీలు కడుతున్నాం. ఊరి నుంచి వచ్చి పది రోజులైన పిల్లోడు ఒకడు మాతో ఉన్నాడు. పొద్దున పదిన్నరకు వాడు బైండింగ్ వైరు పట్టుకుని, కమ్మీ లేని చోట గాలిలో మెలి తిప్పుతున్నాడు. పిలిస్తే సంబంధం లేకుండా ఏదో చెప్పాడు. ఇల్లు గుర్తొచ్చి అలా ఉన్నాడనుకుని మేమంతా నవ్వాం. కాసేపటికి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మెడ మీద చెయ్యి పెడితే పెనంలా కాలిపోతోంది. కాసేపు నీడలో పడుకుంటే సర్దుకుంటుందన్నారు పైవాళ్ళు. అలా అరగంట పోయింది. ప్రాణం దక్కింది కానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి, వీసా అప్పు తీరకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ అరగంట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇదంతా రాస్తున్నది దానికోసమే.

కాబట్టి ముందు గుర్తులు తెలుసుకోండి. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, పిక్కలు పట్టేయడం మొదలైతే వెంటనే పని ఆపి నీడలోకి రావాలి, నీళ్ళు తాగాలి. మనిషి అడ్డదిడ్డంగా మాట్లాడినా, చిరాకుపడి తిట్టినా, తూలినా అది వడదెబ్బే అనుకోండి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. పని చేస్తూ పడిపోయినవాడికి చెమట ధారగా కారుతూ కూడా ఉండొచ్చు. ఒకరు 112కి ఫోన్ చెయ్యండి, మిగతావాళ్ళు అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా ఒళ్ళు చల్లబరచండి. బట్టలు వదులు చేసి, దొరికిన నీళ్ళన్నీ ఒంటి మీద పోసి, అట్ట ముక్కతోనైనా విసరండి. ఐసు ఉంటే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం చుక్క నీళ్ళు కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

112కి చేస్తే ఎక్కడున్నారో చెప్పగలగాలి. మీ ఏరియా, బ్లాకు, స్ట్రీట్ నంబరు ఇవాళే ఫోన్‌లో రాసుకోండి. బిల్డింగ్ ద్వారం దగ్గర పలక మీద పాసీ నంబరు (ఆ బిల్డింగ్‌ను గుర్తించే నంబరు) ఉంటే దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. అరబ్బీలో మూడు మాటలు వస్తే చాలు: "అనా తాబాన్" అంటే ఒంట్లో బాగాలేదు, "రాసీ యదూర్" అంటే తల తిరుగుతోంది, "మాయ్" అంటే నీళ్ళు. ఆడవాళ్ళయితే "తాబానా" అనాలి.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఒళ్ళు ఈ వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజే పాతవాళ్ళతో సమానంగా చెయ్యాలని పోటీ పడొద్దు. కొంచెం కొంచెంగా పెంచుకోండి. పాతవాళ్ళూ వినండి. రెండు నెలలు సెలవుకు ఊరెళ్ళి వస్తే మీరూ కొత్తవాళ్ళ లెక్కే. మా క్యాంపులో జ్వరం నుంచి లేచి మర్నాడే ఎండలోకి వెళ్ళి పడిపోయిన పాతకాపులు ఉన్నారు.

నీళ్ళ సంగతి. దాహం వేసేదాకా ఆగొద్దు. ఎండలో పని చేసేటప్పుడు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగాలి. అలాగని గంటలో లీటరున్నర దాటి తాగకూడదు, ఒంట్లో ఉప్పు పల్చబడి అది ఇంకో ప్రమాదం. మూత్రం లేత నిమ్మరసం రంగులో ఉంటే సరే. టీ డికాషన్ రంగులోకి వచ్చిందంటే పని ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనబడుతున్నాయంటే నీళ్ళొక్కటే చాలవు. బకాలాలో, అంటే చిన్న కిరాణా కొట్లో, దొరికే లబన్‌లో చిటికెడు ఉప్పేసుకుని తాగండి, మన మజ్జిగలాగే ఉంటుంది. ఓఆర్ఎస్ పొడి దగ్గర పెట్టుకోండి, ప్యాకెట్ మీద ఎంత నీళ్ళు రాసి ఉంటే అంతే కలపండి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పు విషయం ముందే డాక్టర్‌ని అడగాలి. ఎనర్జీ డ్రింకులతో పని లాగొద్దు. ఒళ్ళు నొప్పులకని ఊరి నుంచి తెచ్చుకున్న నొప్పి మాత్రలు రోజూ వేసుకునేవాళ్ళు ఉన్నారు. నీళ్ళు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు కిడ్నీలకు చాలా చేటు. బీపీకి నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించేది) వాడేవాళ్ళు ఎండాకాలానికి ముందే ఒకసారి ముస్తౌసఫ్‌కి (సర్కారు క్లినిక్‌కి) వెళ్ళి చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

మద్యం గురించి ఒక్క మాట. ఇక్కడ అది నేరం, అది పక్కన పెట్టండి. 2025 ఆగస్టులో కల్తీ సారా తాగి ఇక్కడ 20 మందికి పైగా చనిపోయారు, కొందరికి చూపు పోయింది. దయచేసి ఆ వైపు వెళ్ళొద్దు.

ఇక రూము. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో కార్మికులున్న బిల్డింగ్‌కు నిప్పు అంటుకుని 40 మందికి పైగా మన దేశస్తులే పోయారు. వాళ్ళలో ముగ్గురు మన ఆంధ్రావాళ్ళు. కింద కరెంటు షార్ట్ సర్క్యూట్‌తో మొదలైందని అధికారులు చెప్పారు. ఎక్కువమంది కాలి కాదు, పొగకు ఊపిరాడక పోయారు. ఎండాకాలంలో ఏసీలు ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతాయి. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఏసీ, ఫ్రిజ్, రైస్ కుక్కర్ తగిలించొద్దు. ప్లగ్గు మీద చెయ్యి పెడితే వేడిగా ఉందంటే వైరు కాలుతున్నట్టే. గ్యాస్ సిలిండర్ మంచాల మధ్య, మెట్ల కింద వద్దు. మేడ మీదికి వెళ్ళే తలుపుకు తాళం ఉందా, మెట్ల మీద పాత పరుపులు అడ్డం ఉన్నాయా అని ఈ రాత్రే ఒకసారి నడిచి చూడండి. తాళం ఉంటే హారిస్‌ని, అంటే వాచ్‌మన్‌ని, అడిగి తీయించండి. ఒక్కరు అడిగితే వినకపోతే రూములన్నీ కలిసి వెళ్ళండి. పొగ వస్తే లేచి నిలబడొద్దు, తడిగుడ్డ మూతికి పెట్టుకుని నేలకు వంగి బయటికి రండి. లిఫ్ట్ ఎక్కొద్దు.

2024 జూన్‌లో లోడు ఎక్కువై గంటా రెండు గంటలు కరెంటు తీశారు. మళ్ళీ అలా అయితే పనికొస్తుందని ఫ్రీజర్‌లో రెండు బాటిళ్ళ నీళ్ళు ఎప్పుడూ గడ్డకట్టించి ఉంచండి, పవర్ బ్యాంక్ నింపి పెట్టుకోండి. స్నానానికి కొళాయి తిప్పితే మేడ మీది ట్యాంకు నీళ్ళు మరిగిపోయి వస్తాయి. పాతవాళ్ళు చేసేది చెబుతాను. జూన్ నుంచి గీజర్ స్విచ్ ఆపేసి, వేడినీళ్ళ కొళాయి తిప్పండి. గీజర్ ఇంట్లో ఉంటుంది కాబట్టి అందులో నిలవున్న నీళ్ళు కాస్త చల్లగా వస్తాయి. బకెట్లు రాత్రే నింపి పెట్టుకున్నా సరే.

ఇళ్ళల్లో పనిచేసే అక్కలకు, చెల్లెళ్ళకు మధ్యాహ్నం రూలు అండగా రాదు. కానీ 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం మీకు రోజులో విశ్రాంతి, వారానికి ఒక సెలవు ఉన్నాయి. హోష్ (ఇంటి ముందు ఆవరణ) కడగడం, మేడ తుడవడం లాంటివి తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత, ఎండ ఎక్కకముందే ముగించుకుంటానని మామాతో (ఇంటి యజమానురాలితో) ముందే మాట్లాడుకోండి. పని ఎగ్గొట్టడం కాదు, వేళ మార్చమని అడగడమే కాబట్టి చాలా ఇళ్ళల్లో ఒప్పుకుంటారు. వంటింట్లో ఏసీ లేకపోతే పొయ్యి దగ్గర పని మధ్యలో చల్లటి గదిలోకి వచ్చి పది నిమిషాలు కూర్చోండి.

హౌస్ డ్రైవర్లు బండిలో లైటర్, సెంటు సీసా, పవర్ బ్యాంక్ వదిలేయొద్దు. మూసిన గ్యారేజీలో ఇంజన్ వేసి ఏసీలో నిద్రపోవద్దు. ఆ పొగకు వాసన ఉన్నా లేకపోయినా నిద్రలోనే ప్రాణం తీస్తుంది. టైర్ల గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారేమో దిగేముందు ప్రతిసారీ తిరిగి చూడండి.

నాకు ఎక్కువ టెన్షన్ అబ్దలీ, వఫ్రా తోటల్లో, కబ్ద్‌లో ఒంటెల దగ్గర, గొర్రెల దగ్గర ఒంటరిగా ఉండే తమ్ముళ్ళ గురించి. అక్కడ పడిపోతే చూసేవాడు లేడు. మీ లొకేషన్ ఊళ్ళోవాళ్ళకు కాదు, కువైట్‌లోనే ఉన్న ఒక మనిషికి పంపండి. పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి మెసేజ్ పెట్టే ఒప్పందం చేసుకోండి. మెసేజ్ రాకపోతే అవతలివాడు ఫోన్ చెయ్యాలి, ఎత్తకపోతే 112. నీళ్ళ ట్యాంకు సగానికి రాగానే కఫీల్‌కి (వీసా ఇచ్చిన యజమానికి) చెప్పండి, అడుగంటేదాకా మొహమాటపడొద్దు. జూన్, జులైలో తోజ్ లేస్తుంది, ఎదుటి మనిషి కూడా కనిపించనంత దుమ్ము. దుమ్ములో ఒంటెను వెతుక్కుంటూ వెళ్ళొద్దు. ఆయాసం ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోవాలి.

ఆగస్టులో దుమ్ము తగ్గి ఉక్క మొదలవుతుంది. ఎండ కాస్త తగ్గినట్టే ఉంటుంది కానీ చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఆ నెలలో గంటకోసారి ఏసీలో కాసేపు కూర్చోవాలి.

సెప్టెంబరు మొదట్లో సుహైల్ చుక్క కనబడితే ఎండలు విరిగినట్టేనని ఇక్కడి ముసలివాళ్ళు అంటారు. మన అగస్త్య నక్షత్రమే అది. రాత్రులు నెమ్మదిగా చల్లబడతాయి, నిజమే. పగలు మాత్రం ఇంకా 45 దాకా పోతూనే ఉంటుంది. మధ్యాహ్నం రూలు ఆగస్టు 31తో అయిపోతుంది కాబట్టి సెప్టెంబరు 1న అందరూ పన్నెండింటి ఎండలోకి ఒక్కసారిగా దిగుతారు. మూడు నెలలు ఆ వేళ నీడలో ఉన్న ఒళ్ళు అది. ఆ మొదటి వారం నీళ్ళ క్యాన్ పక్కనే పెట్టుకుని, ఇద్దరిద్దరు జతగా పని చేసుకోండి, ఒకరి మాట తీరు ఒకరు గమనిస్తూ ఉండండి.