ఇంగ్లండ్‌లో ఫ్లాట్ లీజు పొడిగించుకోవడం: తడబడేది ఆ ఆరు నెలల దగ్గరే

మన ఊళ్లో అపార్ట్‌మెంట్ కొంటే స్థలంలో మన వాటా ఇన్ని గజాలని దస్తావేజులో రాస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఫ్లాట్లు చాలావరకు లీజ్‌హోల్డ్. నేల ఫ్రీహోల్డర్‌ది, మనం కొనేది ఏళ్లని. మిగిలిన ఏళ్లు 80కి దిగువకి జారితే 'మ్యారేజ్ వాల్యూ' అనే బాదుడు మొదలవుతుంది. పొడిగింపు వల్ల పెరిగే విలువలో సగం ఫ్రీహోల్డర్‌కి ఇచ్చుకోవాలి. అందుకే 83, 84 ఉండగానే కదలడం మేలు.

మొదట రాసిన లీజు 21 ఏళ్లకు మించితే చాలు, అర్హత ఉన్నట్టే. కొన్నాక రెండేళ్లు ఆగాలన్న నిబంధన 2025 జనవరి 31న పోయింది. ఇంకా ఆగమనే ఏజెంటు పాత సంగతి చెబుతున్నాడన్నమాట. లీజుని 990 ఏళ్లు పొడిగించుకోవచ్చన్న మాట 2024 లీజ్‌హోల్డ్ సంస్కరణ చట్టంలో ఉంది గానీ, ఆ భాగం దీనితోపాటు అమల్లోకి రాలేదు. 1993 చట్టం కింద వచ్చేది మిగిలిన కాలం మీద మరో 90 ఏళ్లు. గ్రౌండ్ రెంట్, అంటే నేలకి ఫ్రీహోల్డర్‌కి కట్టే అద్దె, ఉండదు.

ఫ్లాట్ యాజమాన్య వివరాలుండే టైటిల్ రిజిస్టర్‌ని ల్యాండ్ రిజిస్ట్రీ (ప్రభుత్వ రిజిస్ట్రేషన్ శాఖ) సొంత సైట్లోనే తీసుకోండి, 7 పౌండ్లు. వెతికితే పైన కనిపించే ప్రైవేటు సైట్లు అదే కాగితానికి చాలా ఎక్కువ గుంజుతాయి. సర్వేయర్‌తో విలువ కట్టించి, సొలిసిటర్‌తో (మన లాయరుతో) ఫ్రీహోల్డర్‌కి సెక్షన్ 42 నోటీసు, అంటే మనం ఇవ్వజూపే ధరతో పొడిగింపు కోరే నోటీసు, ఇప్పించాలి. అందులో మరీ హాస్యాస్పదమైన ధర రాస్తే నోటీసే చెల్లదనే వాదన వస్తుంది. అవతలివాళ్ల న్యాయమైన ఖర్చులూ మనవే. ఈలోగా ఫ్రీహోల్డర్ నుంచి "నోటీసు ఎందుకండీ, మనమే మాట్లాడుకుందాం" అని తియ్యటి ఉత్తరం రావచ్చు. అలాంటి బేరాల్లో ఏళ్లు తక్కువ ఇచ్చి, పాత లీజు గడువు తీరేదాకా గ్రౌండ్ రెంట్ అలాగే ఉంచేవి ఉంటాయి. సొలిసిటర్‌కి చూపించకుండా సంతకం పెట్టకండి.

ఇక అసలు గండం. నోటీసు అందాక ఫ్రీహోల్డర్‌కి కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలి. ఆలోగా తన ధరతో కౌంటర్ నోటీసు పంపుతాడు. అది ఇచ్చిన రోజు నుంచి మన గడియారం తిరగడం మొదలవుతుంది. రెండు నెలలు దాటాక, ఆరు నెలలు నిండేలోపు ఒప్పందమైనా కుదరాలి, ఇలాంటి తగాదాలు తేల్చే ట్రైబ్యునల్‌కి దరఖాస్తైనా వెళ్లాలి. రెండూ లేకపోతే మన నోటీసు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. మళ్లీ ఇవ్వడానికి పన్నెండు నెలలు ఆగాలి.

నాకు తెలిసిన దంపతులు నోటీసు ఇచ్చేనాటికి లీజు 80 ఏళ్ల 5 నెలలు. నోటీసు రోజుకే విలువ కడతారు కనుక మ్యారేజ్ వాల్యూ తప్పినట్టే. అవతలి లాయరు ధరకి సరేనన్నాడు, "లీజు డ్రాఫ్టు వచ్చే వారం" అంటూ మెయిళ్లు నడిపాడు. ధర కుదిరింది కదా అని వీళ్లు నిశ్చింతగా ఉన్నారు. ధర ఒక్కటే కాదు, లీజు షరతులన్నీ కుదిరితేనే ఒప్పందం. ఆరు నెలలూ దాటాయి. మళ్లీ నోటీసు ఇచ్చేసరికి మిగిలింది 78 ఏళ్ల చిల్లర. పాత నోటీసు ఖర్చులూ వాళ్ల నెత్తినే పడ్డాయి.

ట్రైబ్యునల్ అనగానే గొడవకి దిగినట్టు అనుకుంటారు. కాదు. దరఖాస్తు వేశాక కూడా బేరం సాగుతుంది, కుదిరితే ఉపసంహరించుకోవచ్చు. ఐదో నెలలోనే వేయించండి. అన్ని షరతులూ కుదిరాక కూడా రెండు నెలల్లో కొత్త లీజు పూర్తి కావాలి, కాకపోతే తర్వాతి రెండు నెలల్లో కోర్టుకి వెళ్లాలి. ఆపైన ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు. మార్ట్‌గేజ్ ఉంటే బ్యాంకుకీ ముందే చెప్పాలి.

కౌంటర్ నోటీసు చేతికొచ్చిన రోజే సొలిసిటర్‌కి ఒక మెయిల్ పెట్టండి: "దీని తేదీ ఏది? ట్రైబ్యునల్‌కి ఆఖరి రోజు ఏది?" జవాబు ఫోన్లో కాదు, రాతలో తీసుకోండి.